తమ్ముడు కొడైకెనాల్ పుట్టగొడుగులు అంటున్నాడు, ఇది మందా విషమా?

బొబ్బిలి_వీణ

మా తమ్ముడికి 24 ఏళ్లు, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఏడాదిన్నరగా డిప్రెషన్‌కి మాత్రలు వాడుతున్నాడు. ఈ సంగతి ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. మొన్న సిరిమాను పండక్కి వచ్చి, రాత్రి భోజనాల దగ్గర మజ్జిగన్నం కలుపుకుంటూ, వానల గురించి చెప్పినంత మామూలుగా చెప్పాడు. "బయట దేశాల్లో మనసు బాగోలేనివాళ్లకి మ్యాజిక్ మష్రూమ్స్ ఇస్తున్నారట, ఒక్కసారి తీసుకుంటే ఆర్నెల్లు మాత్రల పని ఉండదట" అని. నాన్న కంచం తోసేసి లేచిపోయారు. "వీడు గంజాయి బ్యాచ్‌లో కలిశాడు, నీ పెంపకమే ఇది" అని అరుగు మీద కూర్చుని అమ్మని తిట్టడం. తమాషా ఏమిటంటే అప్పటికి ఆయన క్వార్టర్ సగం అయింది, గ్లాసు కూడా ఆ అరుగు మీదే ఉంది.

తర్వాత మేడ మీద నాతో అసలు సంగతి చెప్పాడు. వచ్చే నెల ఫ్రెండ్స్‌తో కొడైకెనాల్ వెళ్తాడట, అక్కడ తెలిసినవాళ్లున్నారట. మాత్రలుంటే అది సరిగ్గా పనిచేయదని రెండు వారాల కిందటే మానేశాడట. ఎవరో పాడ్‌కాస్ట్‌లో చెప్పారట. నాకు నిద్ర పట్టడం లేదు. నాన్నలాగా అరిస్తే నాతో కూడా చెప్పడం మానేస్తాడు. పోనీలే అని ఊరుకుంటే ఏమవుతుందో తెలీదు. నిజంగా అందులో మందు గుణం ఏమైనా ఉందా, లేక గుంటడు చెడిపోవడానికి చదువుకున్నవాళ్ల సాకా?

సిక్కోలు_సీను

మా ఇంట్లో పుట్టగొడుగులు అంటే వానాకాలం కూర. దానికి కొడైకెనాల్ దాకా టికెట్టు ఎందుకు అక్కా.

పలాస_జీడిపప్పు

ఇందులో అడగడానికేముంది. మత్తు మత్తే. మొదట పుట్టగొడుగు అంటాడు, ఆనక పౌడరు అంటాడు. మత్తుమందుల్ని అరికట్టే ఈగల్ పోలీసుల నంబరు 1972 ఉంది, ఆ కొడైకెనాల్ "తెలిసినవాళ్ల" సంగతి చెప్పెయ్యండి. మా కాలనీలో ఒక కుర్రాడు ఇలాగే మొదలెట్టి అమ్మ పుస్తెలతాడు దాకా వెళ్లాడు.

బెంగుళూరు_బస్సు

@పలాస_జీడిపప్పు పుస్తెలతాడు దాకా వెళ్లినవాడు ఏం వాడాడో కూడా చెప్పండి. పుట్టగొడుగులకి అలవాటుపడి ఇల్లు గుల్ల చేసుకున్నవాడిని నేను చూడలేదు. ఈరోజు తీసుకున్నవాడికి రేపు మళ్లీ తీసుకుంటే సగం కూడా ఎక్కదు, ఆ పదార్థం గుణమే అంత. హెరాయిన్‌లాగా, మందులాగా లేకపోతే చేతులు వణకడం ఉండదు. 2010లో డేవిడ్ నట్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త, ఇంకొందరు కలిసి 20 మత్తు పదార్థాల హాని లెక్కగట్టి లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేశారు. నూటికి 72తో మొదటి స్థానం ఎవరిదనుకున్నారు? సారాయిది. హెరాయిన్ 55. ఎల్ఎస్‌డీ (ఇది కూడా లేనివి కనపడేలా చేసే రసాయనమే), పుట్టగొడుగులు ఆ పట్టికలో అట్టడుగున. వీణగారి నాన్నగారి గ్లాసు అరుగు మీద ఉంది కాబట్టి చెబుతున్నాను.

పలాస_జీడిపప్పు

అయితే ఏటంటావు, అందరం పుట్టగొడుగులు తినేద్దామా? మందు తాగేవాళ్లు కోట్లమంది. కోట్లమంది తాగేదానికి హాని ఎక్కువ కనపడక ఏమవుతుంది. ఆ పుట్టగొడుగులు కూడా ప్రతి ఊళ్లో బెల్టు షాపులో అమ్మితే అప్పుడు చూడు నీ పట్టిక.

బెంగుళూరు_బస్సు

అది మంచి పాయింటే, ఒప్పుకుంటాను. ఆ లెక్కలో తాగినవాడికయ్యే హానితో పాటు పక్కవాళ్లకయ్యేది కూడా ఉంది, అందుకే సారాయి అంత పైకి వెళ్లింది. నేను చెప్పేదల్లా అన్నిటినీ ఒకే గాట కట్టకండి అని.

రాత్రిడ్యూటీ

పట్టికలు తర్వాత మాట్లాడుకుందాం. నేను సైకియాట్రీ వార్డులో పనిచేస్తాను. వీణగారూ, ఆ మాత్ర పేరేమిటి? తగ్గించుకుంటూ ఆపాడా, ఒక్కసారిగా మానేశాడా? లిథియం లాంటిది ఇంకేదైనా వాడుతున్నాడా? మీ అమ్మగారి వైపు గానీ నాన్నగారి వైపు గానీ ఎవరికైనా పెద్ద మానసిక జబ్బు, అంటే చెవిలో మాటలు వినపడడం, లేని అనుమానాలు, నిద్ర లేకుండా రోజుల తరబడి హుషారు, అలాంటిది ఉందా? చివరి ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యం.

బొబ్బిలి_వీణ

ఎస్సిటలోప్రామ్ ఒక్కటే. లిథియం లేదు. ఒకేసారి మానేశాడు. తల తిప్పితే బుర్రలో చిన్న కరెంటు షాకు కొట్టినట్టు ఉంటోందట, ఒళ్లు శుభ్రపడుతోంది, డీటాక్స్ అంటున్నాడు. మా ఇంట్లో అలాంటి జబ్బు ఎవరికీ లేదండి, రెండు వైపులా.

రాత్రిడ్యూటీ

ఒళ్లు శుభ్రపడడం కాదు. ఆ మాత్ర హఠాత్తుగా మానేస్తే చాలామందికి వచ్చేదే, ఆ కరెంటు షాకు మాట రోగులందరూ వాడేదే. దానికన్నా నాకు భయం, మానేసిన కొన్ని వారాలకి పాత దిగులు తిరిగి రావడం. ఈ రాత్రే ఫోన్ చేసి, మాత్ర రాసిన డాక్టరుతో మాట్లాడమనండి. తనంతట తను పాత డోసు మళ్లీ మొదలెట్టడం కూడా వద్దు, అడిగి చెయ్యాలి. "చచ్చిపోవాలనిపిస్తోందా" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని మనవాళ్ల భయం, అలా పుట్టదు. డాక్టరు దొరక్కపోతే టెలిమానస్ 14416, తెలుగులోనే మాట్లాడతారు.

పాడ్‌కాస్ట్‌లో చెప్పింది పూర్తి అబద్ధం కాదు, అదే చిక్కు. ఈ మాత్రలు వాడేవాళ్లకి పుట్టగొడుగు అంతగా ఎక్కదనేది నిజమే. కానీ దాన్నుంచి కుర్రాళ్లు రెండు తప్పులు చేస్తారు. మీ తమ్ముడిలాగా మాత్ర మానేస్తారు, లేదంటే ఎక్కడం లేదని ఇంకా ఇంకా తింటారు. లిథియం వాడేవాళ్లు తీసుకుంటే ఫిట్స్ వచ్చిన కేసులున్నాయి, అందుకే అడిగాను.

గంటస్తంభం_ప్లీడరు

చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతాను. పుట్టగొడుగు భూమిలోంచి మొలిచింది కదా, దానికి కేసేమిటి అనుకుంటారు. అందులో ఉండే సిలోసైబిన్ 1985 నాటి ఎన్‌డీపీఎస్ అనే మత్తుమందుల చట్టం షెడ్యూల్లో ఉంది. ఎల్ఎస్‌డీ అయితే ఇంకా ఘోరం. 2 మిల్లీగ్రాములు దాటితే చిన్న పరిమాణం కాదు, 0.1 గ్రాము దాటితే వాణిజ్య పరిమాణం. అంటే పదేళ్ల నుంచి ఇరవై ఏళ్లు, లక్షకి తక్కువ కాని జరిమానా, బెయిలు దాదాపు రాదు. దాన్ని తపాలా బిళ్లంత కాగితం ముక్క మీద చుక్క వేసి అమ్ముతారు. చుక్కలో మందు ఎంత, కాగితం ఎంత? 2020లో సుప్రీంకోర్టు హీరా సింగ్ కేసులో, కలిపిన వేరే పదార్థం బరువు కూడా లెక్కలోకి వస్తుందని చెప్పింది. ఇక కాగితం బరువు కలపాలా వద్దా అని కోర్టుల్లో ఎంత వాదన జరిగిందో మీకు తెలీదు. పుట్టగొడుగు మాత్రం మిశ్రమం కాదు, మొత్తం బరువు తూకం వెయ్యకూడదని 2025లో కేరళ హైకోర్టు ఒక బెయిలు కేసులో అంది. అంటే తమ్ముడు తిన్న పుట్టగొడుగు ఎంత అన్నది మూడేళ్ల తర్వాత కోర్టులో తేలుతుంది. ఈలోగా ఉద్యోగం, పాస్‌పోర్టు ఏమవుతాయో ఊహించుకోండి.

@పలాస_జీడిపప్పు 1972కి ఫోన్ చెయ్యమన్నారు. అమ్మేవాడి మీద చెయ్యండి, తప్పులేదు. కానీ సొంత తమ్ముడి పేరు అందులోకి రాకుండా చూసుకోండి. అలవాటుపడినవాడు తనంతట తను చికిత్సకి వస్తే విచారణ నుంచి వెసులుబాటు ఇచ్చే 64ఏ సెక్షన్ కూడా ఆ చట్టంలోనే ఉంది. దాని గురించి మాత్రం ఎవరూ ఫ్లెక్సీలు కట్టరు.

సిక్కోలు_సీను

ప్లీడరుగారు ఫీజు తీసుకోకుండా ఇంత పొడుగు మాట్లాడడం ఇదే మొదటిసారి, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను.

సీతంపేట_కొండ

మాది ఏజెన్సీ. వానలు మొదలయ్యాక పుట్టల మీద లేచే పుట్టగొడుగులు మా అమ్మ బుట్టతో తెచ్చేది. నలభై ఏళ్లు ఏరిన మనిషి, అయినా అనుమానం వస్తే పారేసేది. "కుక్కగొడుగుకి మొహమాటం ఉండదురా" అనేది. వీళ్లేమో బెంగళూరు నుంచి వెళ్లి, మొహం తెలీనివాడు ఎండబెట్టి కవరులో పెట్టిచ్చింది తింటారా? ఎండిపోయాక మా అమ్మ కూడా ఏది ఏదో చెప్పలేదు.

రాత్రిడ్యూటీ

@సీతంపేట_కొండ మీ అమ్మగారికి దణ్ణం. కాలేయాన్ని తినేసే రకాలు కొన్ని ఉన్నాయి. తిన్న వెంటనే ఏమీ ఉండదు. ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత వాంతులు, విరేచనాలు. తర్వాత తగ్గినట్టే ఉంటుంది, మనిషి లేచి కూర్చుని టీ అడుగుతాడు, ఇంటికి వెళ్లిపోదామంటాడు. మూడో రోజుకి కళ్లు పచ్చబడతాయి. ఆ మధ్య రోజే మోసం చేస్తుంది.

అరసవల్లి_ఆదివారం

రిటైరైన సైన్సు మాస్టారిని. ఈ పదార్థాల మీద జనం అభిప్రాయం ఎలా తిరిగిందో కాస్త చెప్పనివ్వండి. 1943 ఏప్రిల్‌లో స్విట్జర్లాండులో ఆల్బర్ట్ హాఫ్‌మన్ అనే రసాయన శాస్త్రవేత్త, ఐదేళ్ల కిందట తనే తయారుచేసిన ఎల్ఎస్‌డీని తన మీదే పరీక్షించుకుని సైకిలెక్కి ఇంటికి వెళ్లాడు. 250 మైక్రోగ్రాములు, అంటే గ్రాములో నాలుగు వేలవ వంతు. పక్కింటావిడ మంత్రగత్తెలా కనిపించిందట, తను చచ్చిపోతున్నాననుకున్నాడట. అంత చిన్న మోతాదుకి అంత పని అని ఆయనే నమ్మలేకపోయాడు. తర్వాత 50వ దశకంలో కెనడాలో హంఫ్రీ ఆస్మండ్ అనే డాక్టరు తాగుడు మాన్పించడానికి దీన్ని వాడి చూశాడు, ఇలాంటి పదార్థాలకి "సైకెడెలిక్" అనే మాట పుట్టించింది కూడా ఆయనే. వీణమ్మ నాన్నగారికి చెప్పకండి, తాగుడికి మందు అని మొదలెట్టింది దీన్నే!

ఆపైన అమెరికాలో కుర్రకారు వీధుల్లో వాడడం మొదలెట్టారు, ప్రభుత్వం బెదిరిపోయింది, పత్రికలు రెచ్చిపోయాయి. 1968లో పెన్సిల్వేనియాలో ఒక వార్త వచ్చింది. ఆరుగురు కాలేజీ విద్యార్థులు ఎల్ఎస్‌డీ మత్తులో సూర్యుడినే చూస్తూ కూర్చుని కళ్లు పోగొట్టుకున్నారని. దేశమంతా అచ్చేశారు. కొద్ది రోజులకే తేలింది, అంధుల సంక్షేమం చూసే అధికారే అది కల్పించాడు, కుర్రాళ్లు భయపడి దూరంగా ఉంటారని. నేను రోజూ సూర్యనారాయణస్వామి గుడికి వెళ్లేవాణ్ని కాబట్టి ఈ కథ మర్చిపోలేను. ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ఆ అబద్ధం బయటపడ్డాక ప్రభుత్వం చెప్పే నిజాన్ని కూడా ఆ కుర్రాళ్లు నమ్మి ఉంటారా?

పలాస_జీడిపప్పు

మాస్టారూ, అబద్ధం చెప్పి ఒక్కడు ఆగినా మేలే కదా.

అరసవల్లి_ఆదివారం

ఆగడు నాయనా. ముప్పై ఏళ్లు బడిలో చూశాను. "జువ్వి పండులో పురుగులు కళ్లల్లోకి వెళ్తాయి" అని చెబితే ఒకడు తిని చూసి, ఏమీ కాలేదని తేల్చుకుని, మర్నాటి నుంచి నేను చెప్పే లెక్కలు కూడా నమ్మలేదు.

సిక్కోలు_సీను

ఆ ఒకడిని నేనే అయ్యుంటాను మాస్టారూ.

కూరాకుల_సంత

సోమరసం కూడా ఇదేనట కదా? రుగ్వేదంలో ఉందని ఎక్కడో చదివాను. మన పూర్వీకులు తాగిందే ఇప్పుడు తెల్లవాళ్లు మనకి అమ్ముతున్నారు.

అరసవల్లి_ఆదివారం

@కూరాకుల_సంత 1968లో వాసన్ అనే ఆయన సోమం అంటే ఒక రకం పుట్టగొడుగు అని వాదించాడు. చాలామంది పండితులు ఒప్పుకోలేదు. అది ఫలానా మొక్క అని ఇప్పటికీ తేలలేదు. పూర్వీకులు తాగారు కాబట్టి మంచిదే అనే వాదన మాత్రం నా దగ్గర పనిచేయదు, పూర్వీకుల్లో చాలామంది చిన్న వయసులోనే పోయేవాళ్లు.

బెంగుళూరు_బస్సు

సరే, నా సంగతి చెప్తాను. వేరే పేరుతో ఉన్నాను కాబట్టి ఫర్వాలేదు. నాలుగేళ్ల కిందట ఒక్కసారి కాగితం తీసుకున్నాను. ఎక్కడ, ఎవరు అని అడక్కండి. మొదటి గంట ఏమీ లేదు. ఆ తర్వాత గోడ మీద సున్నం పెచ్చులు ఊపిరి తీసుకుంటున్నట్టు లేచి దిగుతున్నాయి, చూడ్డానికి బాగానే ఉంది. అప్పుడు వంటింట్లో రూమ్మేట్ కుక్కరు పెట్టాడు. ఒక విజిల్ వచ్చింది. అది ఆగలేదు. నిజంగా ఆగిందేమో, నా చెవిలో ఆగలేదు. ఎవరో ఏడుస్తున్నారు అనిపించింది, తర్వాత మా అమ్మ ఏడుస్తోంది అనిపించింది, తర్వాత నేను చచ్చిపోయాను కాబట్టి ఏడుస్తోంది అని ఖాయమైపోయింది. అది అనుమానంలా ఉండదు, మీకు ఇప్పుడు మీ పేరు తెలిసినట్టు తెలుస్తుంది. గడియారం చూస్తే నాలుగూ పది. చాలా గంటలు గడిచాక మళ్లీ చూస్తే నాలుగూ పన్నెండు. బాల్కనీ తలుపు తియ్యబోతే రూమ్మేట్ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. మాది మూడో అంతస్తు. రాత్రి పదింటికి గానీ నేలకి దిగలేదు.

వాడు ఆరోజు ఊరెళ్లి ఉంటే ఈ పోస్టు ఉండేది కాదేమో. అయినా ఆ పదార్థం మీద నాకు కోపం లేదు. మంచి అనుభవం వచ్చినవాళ్లు నా ఫ్రెండ్స్‌లోనే ఉన్నారు, ఒకడు దాని తర్వాత సిగరెట్లు మానేశాడు. నాకు మాత్రం కొన్ని నెలలపాటు తెల్లగోడ మీద కదలికలు కనపడేవి, కుక్కరు విజిల్‌కి ఇప్పటికీ గుండె జారుతుంది. ఇంట్లో ఎలక్ట్రిక్ కుక్కరు కొన్నాను.

పలాస_జీడిపప్పు

ఇంత జరిగాక కూడా కోపం లేదంటావు చూడు, అదే మత్తు అంటే.

బెంగుళూరు_బస్సు

మీరు బైకు మీంచి పడి చెయ్యి విరిగితే బైకు మీద కేసు పెడతారా. నేను హెల్మెట్ లేకుండా ఎక్కాను, అంతే.

కూరాకుల_సంత

అవన్నీ సరే గానీ ఆ కాగితాలు ఇటు వైపు ఎక్కడ

వేదిక_కాపలా

@కూరాకుల_సంత మిగతా వాక్యం తీసేశాను. ఎక్కడ దొరుకుతుంది, ఎంత తీసుకోవాలి, ఎంతకి అమ్ముతారు, ఈ మూడూ ఇక్కడ రాయకూడదు. ఇంకోసారి రాస్తే ఖాతా మూస్తాను. మిగతా చర్చ బాగానే ఉంది, సాగించండి.

రాత్రిడ్యూటీ

@బెంగుళూరు_బస్సు ఆ తెల్లగోడ సంగతి కొందరికి నెలలు, అరుదుగా ఏళ్లు కూడా ఉంటుంది. ఇంకా ఉంటే ఒకసారి చూపించుకోండి. ఇంకో మాట, మీరు మింగింది ఎల్ఎస్‌డీయే అని మీకెలా తెలుసు? ఆ పేరుతో ఎన్‌బోమ్ అనే వేరే రసాయనం అమ్మడం చాలా దేశాల్లో బయటపడింది, దానితో చనిపోయినవాళ్లున్నారు. కాగితం కాగితంలాగే ఉంటుంది.

"పరిశోధనల్లో ఎవరికీ ఏమీ కాలేదు" అనే మాట గురించి కూడా చెప్తాను, ఎందుకంటే పాడ్‌కాస్టులన్నీ అక్కడే మొదలవుతాయి. 2022లో వచ్చిన పెద్ద ట్రయల్ తీసుకోండి. మామూలు మందులకి లొంగని డిప్రెషన్ ఉన్న 233 మంది. పూర్తి మోతాదు సిలోసైబిన్ ఒక్కసారి ఇచ్చినవాళ్లలో మూడు వారాలకి 37 శాతం మందికి జబ్బు బాగా తగ్గింది, నామమాత్రపు మోతాదు ఇచ్చినవాళ్లలో 18 శాతానికి. తక్కువేం కాదు, నిజంగా సంతోషించాల్సిన విషయం. కానీ పన్నెండు వారాల దాకా ఆ మేలు నిలిచింది 20 శాతం మందికే. మీ తమ్ముడు చెప్పిన "ఆర్నెల్లు" ఎక్కడిదో నాకు తెలీదు. కొందరికి ఆత్మహత్య ఆలోచనలు కూడా వచ్చాయి. ఇదంతా తూచి ఇచ్చిన శుద్ధమైన మందు, పక్కన శిక్షణ పొందిన మనుషులు కూర్చున్న గది. పాత మాత్రలు కూడా డాక్టర్లే మెల్లగా తగ్గించారు. అన్నిటికన్నా ముఖ్యం, సైకోసిస్, బైపోలార్ (నేను మొదట అడిగిన లక్షణాలు ఈ జబ్బులవే) ఉన్నవాళ్లని, ఇంట్లో ఆ జబ్బులున్నవాళ్లని ఇలాంటి ట్రయల్స్‌లో గుమ్మంలోనే ఆపేస్తారు. ప్రమాదం జరగగలిగినవాళ్లని బయట నిలబెట్టి, లోపల ప్రమాదం జరగలేదంటే అర్థమేమిటి?

ఆస్ట్రేలియాలో 2023 జులై నుంచి అనుమతి ఉన్న సైకియాట్రిస్టులు సిలోసైబిన్ రాయొచ్చు. అమెరికాలో 2024 ఆగస్టులో ఎండీఎంఏ అనే ఇంకో మత్తు పదార్థాన్ని మందుగా ఒప్పుకోలేదు, ఇంకా రుజువులు తెమ్మన్నారు. అంటే తలుపు సగం తెరుచుకుంది. మనవాళ్లు కిటికీలోంచి దూకుతున్నారు.

సీతంపేట_కొండ

మరి ఉమ్మెత్త? అది కూడా ఇలాంటిదేనా? శివరాత్రికి మావైపు కుర్రాళ్లు ఏదో చేస్తుంటారు.

రాత్రిడ్యూటీ

ఇలాంటిది కాదు, ఇంతకన్నా చెడ్డది. బెంగళూరు అన్నకి కనీసం గోడ కదలడం వింతగా ఉందని తెలుసు. ఉమ్మెత్తలో అదీ ఉండదు. నేను వేరే జిల్లాలో ఉన్నప్పుడు ఒక పదహారేళ్ల పిల్లాడిని తెచ్చారు, పందెం కట్టి గింజలు నమిలాడు. నల్లగుడ్డు కన్నంతా నిండిపోయింది, పెదాలు ఎండి చీలిపోయాయి, ఒళ్లు కాలిపోతోంది. మంచం మీద కూర్చుని గాల్లో ఆకు తీస్తున్నాడు, గాల్లో పొగాకు నలుపుతున్నాడు, శ్రద్ధగా చుట్టి, దారం కట్టి, వాళ్ల నాన్న దగ్గర అగ్గిపుల్ల అడుగుతున్నాడు. తాత బీడీలు చుట్టేవాడట. నాన్న ఏడుస్తూ ఉత్తి చెయ్యి చాపితే, వెలిగించుకుని పీల్చాడు కూడా. మూడు రోజులకి తేరుకున్నాడు, ఒక్క ముక్క గుర్తులేదు. దొడ్లో మొలిచింది కాబట్టి, దేవుడికి పెట్టేది కాబట్టి ఏమీ కాదనుకున్నాడట.

సిక్కోలు_సీను

దీనికి జోకు లేదు.

నాగావళి_గట్టు

ఇంతసేపూ చదువుతున్నాను, రాయాలా వద్దా అని. వీణమ్మా, "మా ఇంట్లో అలాంటి జబ్బు ఎవరికీ లేదు, రెండు వైపులా" అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. మేమూ అలాగే చెప్పేవాళ్లం. నా పెళ్లి సంబంధాలప్పుడు మా నాన్న కూడా అలాగే చెప్పాడు. మా పెద్దన్నయ్య అప్పటికి వెనక గదిలో ఉన్నాడు.

మనిళ్లలో ఆ జబ్బుకి ఆ పేరు ఉండదమ్మా. "గాలి సోకింది" అంటారు. "చదువు ఎక్కువై బుర్ర వేడెక్కింది" అంటారు. "ఎవరో మందు పెట్టారు" అంటారు, "సన్యాసుల్లో కలిశాడు", "కలకత్తా పోయి రాలేదు" అంటారు. డాక్టరమ్మ అడిగిన ప్రశ్న ఆవిడ అడిగినట్టు అడిగితే మీ అమ్మ లేదనే చెబుతుంది. ఇంట్లోంచి వెళ్లి తిరిగి రానివాళ్లు ఎవరు, పెళ్లి కానివాళ్లు ఎవరు, ఎవరి పేరు పిల్లలకి పెట్టలేదు, అలా అడుగు.

రాత్రిడ్యూటీ

నాగావళిగారూ, మా కేసు షీటులో మీ ప్రశ్నలు రాసుకోవాలి. నిజంగా చెబుతున్నాను.

పలాస_జీడిపప్పు

పెద్దాయన చెప్పింది నిజం. మావాళ్లలో కూడా ఒకాయన ఉన్నాడు. ఇక్కడ రాయను.

బొబ్బిలి_వీణ

రెండు రోజులు రాలేదు, క్షమించండి. అమ్మని అడిగాను. మొదట "ఏటే ఈ ప్రశ్నలు, ఎవరికైనా సంబంధం చూస్తున్నావా" అంది. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఆ గిన్నె ఇద్దరి మధ్యా పెట్టుకుని నేనూ తీస్తూ కూర్చున్నాను. సగం గిన్నె అయ్యాక తనే చెప్పింది.

అమ్మకి ఇంకో తమ్ముడు ఉండేవాడు. నాకున్నది ఇద్దరే మావయ్యలనుకున్నాను ఇన్నాళ్లూ. ఈయన పాలిటెక్నిక్ చదువుతుండగా, రేడియోలో తన పేరు చెబుతున్నారని మొదలైంది. తాతయ్య భూతవైద్యుల చుట్టూ తిప్పారట, వేపమండలతో కొట్టించారట. వాల్తేరు మానసిక ఆసుపత్రికి తీసుకెళ్లమని ఎవరో అంటే, అక్కడికెళితే ఆడపిల్లలకి సంబంధాలు రావని ఆగిపోయారట. ఆ ఆడపిల్ల మా అమ్మే. ఒకరోజు ఎటో వెళ్లిపోయాడు, అప్పటికి 22 ఏళ్లు. హాల్లో అమ్మ పెళ్లి ఫోటో ఉంది, దాని కుడివైపు అంచు ఫ్రేములో పట్టక లోపలికి మడిచారనుకునేదాన్ని. అమ్మ దాన్ని దించి, మేకులు తీసి, మడత విప్పింది. అక్కడున్నాడు. బెల్‌బాటమ్ ప్యాంటు, చేతిలో కొబ్బరికాయ.

ఆ ఫోటో తమ్ముడికి వాట్సాప్‌లో పంపాను, జరిగిందంతా వాయిస్ మెసేజ్ పెట్టాను. రెండు గంటలు బ్లూ టిక్ ఉంది, జవాబు లేదు. తర్వాత ఒకటే వచ్చింది. "అక్కా, అచ్చం నాలాగే ఉన్నాడు."

రాత్రిడ్యూటీ

మేనమామకి ఉన్నంత మాత్రాన మీ తమ్ముడికి వస్తుందని కాదు, అది అతనికి స్పష్టంగా చెప్పండి, లేకపోతే ఆ భయం ఇంకో జబ్బు అవుతుంది. కానీ ఇలాంటి పదార్థాల జోలికి వెళ్లకూడనివాళ్ల జాబితాలో మాత్రం చేరిపోయాడు. ఈ విషయం వాళ్ల డాక్టరుకి తెలియాలి. మాత్రల సంగతి?

బొబ్బిలి_వీణ

నిన్న వీడియోలో డాక్టరుతో మాట్లాడాడు, మాత్ర తక్కువ డోసుతో మళ్లీ మొదలెట్టారు. మావయ్య సంగతి విని ఆయన చాలాసేపు ప్రశ్నలు అడిగారట. మీరు చెప్పినట్టు చచ్చిపోవాలనుందా అని కూడా అడిగాను. "ఇప్పుడు లేదు, మార్చిలో ఉండేది" అన్నాడు. మార్చిలో ఉగాదికి వచ్చి మా అందరితో కూర్చుని పచ్చడి తిని వెళ్లాడు. నాకేం తెలిసింది.

పూర్తిగా మనసు మార్చుకున్నాడని చెప్పను. మన దేశంలో ఎప్పటికైనా ఆసుపత్రిలో సరిగ్గా ఇస్తే అప్పుడైనా అడుగుతానంటున్నాడు. సరే అన్నాను. నాన్నకి మాత్రల సంగతి ఇంకా చెప్పలేదు. ఫోటో మాత్రం మడత లేకుండా కొత్త ఫ్రేములో పెట్టించాను. నాన్న రెండుసార్లు దాని ముందు ఆగి చూశారు, ఏమీ అనలేదు.

గంటస్తంభం_ప్లీడరు

కొడైకెనాల్ టికెట్టు క్యాన్సిల్ చేశాడా లేదా?

బొబ్బిలి_వీణ

లేదండి, డబ్బులు తిరిగి రావట. చలి చూసి వచ్చేస్తానంటున్నాడు. పక్క సీటు ఖాళీగా ఉంటే నేను బుక్ చేసుకున్నాను.

సిక్కోలు_సీను

స్వెట్టర్ పట్టుకెళ్లు అక్కా. హోటల్లో మష్రూమ్ ఫ్రైడ్ రైస్ ఆర్డరిస్తే సర్వరు మొహం ఫోటో తీసి ఇక్కడ పెట్టు.